ఒకే రేవు, రెండు బానిస వ్యాపారాలు: సౌత్ కరొలైనా ఉదాహరణ

యూరోపియన్లు అమెరికా చేరాక అక్కడి మూలవాసులు రోగాలతో తుడిచిపెట్టుకుపోయారని, పనిచేసేవారు కరువై ఆ తరువాత ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చారని పాఠ్యపుస్తకాల్లో చదివినట్టు మీరు రాశారు. ఈ వరుస నిజమేనా అని, మన కోస్తా నుంచి మారిషస్ వెళ్లిన కూలీల వలసను దీనితో పోల్చవచ్చా అని అడిగారు. రెండు ఖండాలకూ నాలుగు శతాబ్దాలకూ కలిపి ఒకే జవాబు చెబితే అది ఏ ప్రాంతానికీ సరిగా వర్తించదు. కరీబియన్ దీవుల చరిత్రను పైపైన చూస్తే ఈ వరుస సరిపోయినట్టే కనిపిస్తుంది. నేను చాలాకాలం పాఠం చెప్పిన, నేటి అమెరికా సంయుక్త రాష్ట్రాల ఆగ్నేయ తీరంలోని సౌత్ కరొలైనా విషయంలో మాత్రం అది నిలబడదు. అక్కడ మూలవాసులను బానిసలుగా అమ్మడం, ఆఫ్రికన్లను బానిసలుగా కొనడం ఒకే కాలంలో, ఒకే రేవులో, చాలా వరకు ఒకే కుటుంబాల చేతుల మీదుగా జరిగాయి. రోగాలు కూడా ఆ వ్యాపారం వేసిన దారుల వెంటే నడిచాయి. అందువల్ల జవాబును ఆ ఒక్క వలసరాజ్యానికే పరిమితం చేస్తాను.

ఇంగ్లండ్ రాజు రెండవ చార్లెస్ 1663లో కరొలైనా భూమిని ఎనిమిది మంది ప్రభువులకు రాసిచ్చాడు. 1670లో చార్ల్స్‌టౌన్ వెలిసింది. నేటి చార్ల్‌స్టన్ అదే. అక్కడ తొలినాళ్లలో పెత్తనం సంపాదించినవారిలో చాలామంది నేరుగా ఇంగ్లండ్ నుంచి కాక బార్బడోస్ దీవి నుంచి వచ్చారు. ఆ చిన్న దీవిలో 1640ల నుంచి చెరకు తోటలు వ్యాపించి, పెద్ద యజమానులు భూమినంతా చుట్టేయడంతో మిగిలినవారికి, ముఖ్యంగా యజమానుల చిన్న కొడుకులకు, చోటు లేకుండా పోయింది. వారు తమతో పాటు ఆఫ్రికన్ బానిసలను, బానిసలను అదుపులో ఉంచడానికి బార్బడోస్ 1661లో చేసిన చట్టం నమూనాను కూడా తెచ్చారు. ప్రభువుల తరఫున కార్యదర్శిగా పనిచేసిన తత్త్వవేత్త జాన్ లాక్ చేయి పడిన 1669 నాటి మూల నిబంధనల్లో, ప్రతి స్వేచ్ఛాపరుడికీ తన నల్లజాతి బానిసలపై సంపూర్ణ అధికారం ఉంటుందన్న వాక్యం ఉంది. కరొలైనా క్రమంగా బానిస సమాజంగా మారిందని కొందరు రాస్తారు. నా దృష్టిలో అది పుట్టుకతోనే అటువంటిది. అక్కడ క్రమంగా కుదిరింది పంట మాత్రమే.

తొలి పాతికేళ్లలో అక్కడ వరి పెద్ద పంట కాదు. కలప, పశుమాంసం, జింక తోళ్లు, మనుషులు అక్కడి ఎగుమతులు. ఈ మనుషులు మూలవాసులు. వర్జీనియా వర్తకుల నుంచి అంతకుముందే తుపాకులు సంపాదించిన వెస్టో జాతివారితో 1674లో కరొలైనా వర్తకం మొదలుపెట్టింది. వెస్టోలు చుట్టుపక్కల తుపాకులు లేని ఊళ్లపై పడి మనుషులను పట్టుకొచ్చేవారు. వర్తకులు తుపాకి, మందుగుండు, బట్ట, రమ్ము ఇచ్చి వారిని కొనేవారు. 1680కి వచ్చేసరికి ఆ వర్తకంలో వాటా దక్కని తోటల యజమానులు సవానా జాతివారికి ఆయుధాలిచ్చి వెస్టోల మీదికే పంపారు. ఓడిన వెస్టోలను కూడా బానిసలుగా అమ్మారు. నిన్నటి వేటగాడు నేటి సరుకుగా మారడం ఆ తరువాత ముప్పై అయిదేళ్లలో పదేపదే జరిగింది. తుపాకి లేని జాతి బానిసల వేటకు బలవుతుంది. తుపాకి కావాలంటే బానిసలనో తోళ్లనో ఇవ్వాలి. ఈ బిగింపులో చిక్కుకున్న యమసీ, క్రీక్, చికసా జాతులు తమ ఇష్టంతో ఈ వ్యాపారంలోకి దిగాయని చెప్పడం ఎంత తప్పో, వారికి ఏ నిర్ణయమూ లేదని చెప్పడం కూడా అంతే తప్పు.

ఈ వేట ఎంత దూరం సాగిందో ఫ్లోరిడా చూపిస్తుంది. అక్కడ స్పానిష్ మతగురువుల ఆధ్వర్యంలో క్రైస్తవులుగా మారిన అపలాచీ జాతి ఊళ్లు ఉండేవి. అంతకుముందు కరొలైనా గవర్నరుగా ఉన్న జేమ్స్ మూర్ 1704లో కొద్దిమంది ఆంగ్లేయులతో, వారి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ మంది మూలవాసీ యోధులతో ఆ ఊళ్లపై దాడిచేసి తగలబెట్టి, వందల మందిని బానిసలుగా తోలుకొచ్చాడు. అటువంటి దాడుల్లో పది, పన్నెండు వేల మంది పట్టుబడ్డారని ఫ్లోరిడాలోని స్పానిష్ గవర్నరు 1708లో లెక్క చెప్పాడు. అదే ఏడాది కరొలైనా ప్రతినిధి థామస్ నెయిర్న్, బానిసల కోసం యమసీలు ఇప్పుడు ఫ్లోరిడా కొన దాకా వెళ్లవలసి వస్తున్నదని రాశాడు. దగ్గరలో పట్టుకోవడానికి మనుషులు మిగల్లేదని ఆ మాటకు అర్థం. 1670 నుంచి 1715 వరకు ఆగ్నేయ ప్రాంతంలో 24,000 నుంచి 51,000 మంది మూలవాసులు బ్రిటిష్ బానిస వ్యాపారంలో అమ్ముడయ్యారని చరిత్రకారుడు అలన్ గాలే అంచనా. 1715కు ముందు చార్ల్స్‌టౌన్ రేవులోకి దిగిన ఆఫ్రికన్ల కంటే ఆ రేవు నుంచి బయటికి పోయిన మూలవాసులే ఎక్కువ అని కూడా ఆయన చూపారు. మీరు చదివిన వరుసను తిరగరాసే విషయం ఇదే.

వీరిని ఎక్కడికి పంపారు? బార్బడోస్, జమైకా వంటి చెరకు దీవులకు, న్యూయార్క్, న్యూ ఇంగ్లండ్ ఇళ్లకు పంపారు. స్వస్థలానికి దగ్గరలో ఉంచితే పారిపోతారు, బంధువులు దండెత్తి వస్తారు అన్నది ఒక కారణం; అమ్మగా వచ్చిన సొమ్ముతో ఆఫ్రికన్లను కొనవచ్చునన్నది మరొకటి. మూలవాసులు పనికి తట్టుకోలేకపోయారన్న మాట అప్పటి యజమానులకు అనువైన వివరణ మాత్రమే. 1708లో కరొలైనా జనాభా లెక్క ఇలా ఉంది: మొత్తం 9,580 మందిలో తెల్లవారు 4,080, ఆఫ్రికన్ బానిసలు 4,100, మూలవాసీ బానిసలు 1,400. అంటే ఎగుమతి అయినవారు పోగా, అక్కడి బానిసల్లో ప్రతి నలుగురిలో ఒకరు మూలవాసి. ఆ 1,400 మందిలో పెద్దవయసు మగవారు 500 అయితే ఆడవారు 600, మిగిలినవారు పిల్లలు. దాడుల్లో మగవారు ఎక్కువగా చంపబడేవారని, ఆడవారినీ పిల్లలనూ పట్టుకొచ్చేవారని ఈ అంకెల వెనుక చదువుకోవచ్చు. మసాచుసెట్స్ 1712లో మూలవాసీ బానిసల దిగుమతిని నిషేధించింది. ఆ చట్టంలో కనిపించేది కరుణ కాదు. వారు పగబట్టే మొండివారని, వారివల్ల ప్రమాదమని అందులో రాసుకున్నారు.

ఇక రోగాల సంగతి. మశూచి, తట్టు వంటి వాటిని మూలవాసులు అంతకుముందు ఎరుగరు కనుక వారి శరీరాల్లో నిరోధకత లేదన్నది నిజమే. అయితే రోగం మనుషుల్లో పాకడానికి మనుషుల రాకపోకలు కావాలి. ఆగ్నేయ ప్రాంతమంతటినీ చుట్టిన మొదటి పెద్ద మశూచి 1696లో మొదలై 1700 దాకా సాగింది. వర్జీనియా వైపు నుంచి మిసిసిపీ లోయ వరకు అది పోయిన దారి, తుపాకులూ తోళ్లూ బందీలూ నడిచిన దారే. దాడులకు భయపడి జనం పొలాలు వదిలి, దడులు కట్టిన ఇరుకు ఊళ్లలో గుమిగూడారు. వేటకు వెళ్లలేక, పంట కోసుకోలేక ఆకలితో ఉన్నారు. అటువంటి చోట మశూచి అడుగుపెడితే మంచినీళ్లు అందించే మనిషి కూడా మిగలడు. యుద్ధం, ఆకలి, బానిసత్వం లేకపోయినా రోగాలు ఎంతోమందిని చంపి ఉండేవి. తరువాతి తరంలో సంఖ్య తిరిగి పెరగకుండా చేసింది మాత్రం ఈ వ్యాపారమే అని నేను భావిస్తాను. మరొక సంఘటన చూడండి. 1738లో పశ్చిమ ఆఫ్రికాలోని గినీ తీరం నుంచి వచ్చిన బానిసల ఓడ ద్వారా చార్ల్స్‌టౌన్‌లోకి మశూచి దిగింది. వర్తకుల బాట పట్టి అది చెరోకీ కొండలకు చేరింది; ఆ జాతిలో దాదాపు సగం మంది పోయారని అప్పటివారు రాశారు. అంటే ఆఫ్రికన్లను ఓడ అడుగున కుక్కి తెచ్చిన పద్ధతే, వందల మైళ్ల లోపల ఉన్న చెరోకీలను చంపింది.

మూలవాసుల బానిస వ్యాపారాన్ని ఆపింది ఏ దయాశాసనమూ కాదు, 1715 నాటి యమసీ యుద్ధం. 1711 నాటికే యమసీలు వర్తకులకు లక్ష జింక తోళ్ల దాకా బాకీ పడ్డారని లెక్క. జింకలు తరిగిపోతున్నాయి, వారికి వదిలిన భూమిలోకి పశువులు, తోటలు చొరబడుతున్నాయి, బాకీ కింద ఆడవారిని, పిల్లలను పట్టుకుపోవడం మొదలైంది. అటువంటి సమయంలో వలస ప్రభుత్వం వారి ఊళ్లలో తలలు లెక్కపెట్టించడంతో, ఇక తమను కూడా అమ్ముతారని వారు అనుకున్నారు. ఆ అనుమానానికి ఆధారం లేదని ఎవరూ అనలేరు. వెస్టోల గతి వారి కళ్ల ముందే ఉంది, 1711–13 యుద్ధంలో ఓడిన టస్కరోరా జాతివారిని అమ్మడంలో యమసీలే పాల్గొన్నారు. 1715 ఏప్రిల్ 15న, గుడ్‌ఫ్రైడే నాడు, పోకోటలిగో ఊరిలో వర్తకులను చంపారు. చర్చలకు వెళ్లిన నెయిర్న్‌ను చిత్రహింసలు పెట్టి చంపారు. క్రీక్‌లు, కటాబాలు, మరెన్నో జాతులు చేరి వలసరాజ్యాన్ని దాదాపు సముద్రంలోకి నెట్టాయి. చివరికి 1716 మొదట్లో చెరోకీలు ఆంగ్లేయుల వైపు రావడంతో కరొలైనా బతికి బట్టకట్టింది. ఆ కష్టకాలంలో యజమానులు వందల మంది ఆఫ్రికన్ బానిసలకు ఆయుధాలిచ్చి తమ పక్షాన నిలబెట్టారు. యుద్ధం ముగిశాక ఇటువంటి పని మళ్లీ చేయకూడదని వారు నేర్చుకున్నట్టు తరువాతి చట్టాలు చూపిస్తాయి.

ఆ తరువాతే వరి రాజ్యం. ఈ భాగం తెలుగువారికి సులభంగా అర్థమవుతుంది. చిత్తడి అడవిని నరికి, గట్లు పోసి, తూములు పెట్టి, నీరు కట్టి వదిలి, కోసి, నూర్చి, రోలు రోకళ్లతో దంచి, అల్లిన చేటలతో చెరిగి ఓడకెక్కించే పని ఏడాది పొడవునా ఉండేది. అందులో దంపుడు అన్నిటికంటే నడుములు విరిచేది. ఆ రోళ్లు, ఆ చేటలు, మడమతో గుంట చేసి విత్తనం వేసి పాదంతో కప్పే పద్ధతి పశ్చిమ ఆఫ్రికా వరి ప్రాంతాలవి. వరిసాగు మొత్తం ఆఫ్రికన్ల జ్ఞానమేనా, యజమానుల ప్రయోగాల పాత్ర ఎంత అన్నదానిపై చరిత్రకారులు చాలాకాలంగా వాదించుకుంటున్నారు. సెనెగాంబియా, సియరా లియోన్ వైపు నుంచి వచ్చినవారికి వరి తెలుసునన్నది ఖాయం. వ్యాపారం మొత్తం వారి మీదే నడిచిందన్నది అంత ఖాయం కాదు, ఎందుకంటే 1730ల రెండో సగంలో ఏటా సుమారు రెండు వేల మందిని దిగుమతి చేసినప్పుడు వారిలో అత్యధికులు కాంగో, అంగోలా ప్రాంతం వారు. 1740 నాటికి ఏటా 3 కోట్ల పౌండ్లకు పైగా బియ్యం ఎగుమతి అయ్యేది, జనాభాలో మూడింట రెండు వంతులు నల్లవారే. నీటి మడుల్లో దోమలు, మలేరియా, చాలీచాలని తిండి కలిసి ఆ తోటల్లో పుట్టుకల కంటే చావులను పెంచాయి. ఆ లోటును కొత్త ఓడలతో పూడ్చేవారు. వేసవి రాగానే యజమానులు పట్నానికి తరలిపోయేవారు.

ఇక్కడ మన తీరానికి నిజంగా సంబంధించిన ఒక విషయం చెప్పాలి. ఆఫ్రికా తీరంలో బానిసలను కొనడానికి యూరోపియన్ ఓడలు తీసుకెళ్లిన సరుకుల్లో భారతీయ నూలు బట్టకు ముఖ్యమైన స్థానం ఉంది. మచిలీపట్నం, మద్రాసు రేవుల్లో ఓడెక్కి లండన్ చేరిన కోరమండల్ తీరపు బట్టలో కొంత భాగం, అక్కడి నుంచి గినీ తీరానికి వెళ్లి మనుషుల ధరగా మారింది. ఆ సంగతి మగ్గం ముందు కూర్చున్న నేతగాడికి తెలిసే అవకాశం లేదు.

రెండు కథలూ ఒకే మనిషి జీవితంలో కలిసిన చోటు చూడాలంటే ఫ్రాన్సిస్కో మెనెండెస్‌ను చూడాలి. పశ్చిమ ఆఫ్రికా మాండింగా జాతికి చెందిన ఇతను కరొలైనాలో బానిసగా ఉంటూ, యమసీ యుద్ధంలో యజమానుల పక్షాన కాక యమసీల పక్షాన పోరాడి, వారితో కలిసి స్పానిష్ ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్‌కు చేరాడు. కేథలిక్కులుగా మారే పారిపోయిన బానిసలకు విముక్తి ఇస్తామని స్పెయిన్ రాజు 1693లో ప్రకటించి ఉన్నాడు. అయినా అక్కడి అధికారులు అతన్ని తిరిగి బానిసగానే అమ్మారు. 1726లో నల్లవారి మిలీషియాకు, అంటే పౌర సైనిక దళానికి, నాయకుడై, అర్జీ మీద అర్జీ పెట్టుకుని, చివరకు 1738లో విడుదల పొంది, పట్టణానికి ఉత్తరాన ఫోర్ట్ మోసే అనే స్వేచ్ఛాపరుల ఊరికి పెద్ద అయ్యాడు. సుమారు వంద మంది ఉన్న ఆ ఊరు స్పానిష్ వారికి కరొలైనా వైపు కాపలా కూడా. స్పెయిన్ ఔదార్యాన్ని అంతకంటే ఎక్కువగా పొగడనవసరం లేదు. 1741లో సముద్రం మీద ఆంగ్లేయులకు చిక్కి, 200 కొరడా దెబ్బలు తిని, బహామాస్‌లో బానిసగా అమ్ముడైన మెనెండెస్ ఎలాగో మళ్లీ మోసేకి చేరుకున్నాడు. 1763లో ఫ్లోరిడా బ్రిటన్ చేతికి వెళ్లినప్పుడు తనవారితో క్యూబాకు వలసపోయాడు.

ఆ ఊరి వార్త కరొలైనా తోటలకు చేరకుండా ఉండలేదు. 1739 సెప్టెంబరు 9, ఆదివారం, స్టోనో నది దగ్గర జెమీ అనే అతని నాయకత్వంలో ఇరవై మంది దాకా ఆఫ్రికన్లు ఆయుధాల దుకాణాన్ని కొల్లగొట్టి, డప్పులు మోగిస్తూ దక్షిణానికి, ఫ్లోరిడా వైపు నడిచారు. దారిలో చేరినవారితో సంఖ్య అరవై దాటింది. ఇరవై మందికి పైగా తెల్లవారు చనిపోయారు. తిరుగుబాటు అణిగాక పట్టుబడినవారి తలలు దారి పొడవునా గుంజలకు వేలాడాయి. పారిపోయినవారిని వెదకి పట్టడానికి మూలవాసులకు బహుమతులిచ్చారు. ఈ పద్ధతి కొత్తది కాదు. 1730లో చెరోకీలతో బ్రిటన్ చేసుకున్న ఒప్పందంలోనే, పారిపోయిన బానిసను పట్టి ఇస్తే ఒక తుపాకి, ఒక కోటు అన్న షరతు ఉంది. అణచివేతకు గురైన రెండు సమూహాలు చేతులు కలపకుండా చూడడం ఆ ప్రభుత్వానికి నిత్యకృత్యం.

1740 మే నెలలో వచ్చిన బానిస చట్టం ఈ వ్యవస్థకు తుది రూపం. నల్లవారు, ‘ఇండియన్లు’, మిశ్రమ సంతానం అందరినీ, ఆంగ్లేయులతో స్నేహంగా ఉన్న స్వతంత్ర మూలవాసులను, అప్పటికే స్వేచ్ఛగా ఉన్న నల్లవారిని, మిశ్రమ సంతానాన్ని మినహాయించి, అది ఒకే గాటన కట్టి బానిసలుగా భావించింది. బిడ్డ స్థితి తల్లి స్థితిని అనుసరిస్తుందని రాసింది. బానిసకు రాయడం నేర్పితే వంద పౌండ్ల జరిమానా. వేసవిలో రోజుకు పదిహేను గంటలకు మించి, శీతాకాలంలో పద్నాలుగు గంటలకు మించి పని చేయించరాదన్నది ఆ చట్టంలో దయగా చెప్పుకున్న భాగం. ఈ ఒక్క చట్టం తరువాత మూలవాసీ బానిసల సంతతి కాగితాల్లో నల్లవారిగా కలిసిపోయింది. ‘వారు అంతరించిపోయారు’ అన్న మాటను నేను నమ్మకపోవడానికి ఒక కారణం ఇది: లెక్కలో పేరు మారితే మనిషి మాయమైనట్టు కనిపిస్తాడు.

మారిషస్ కూలీలతో పోలిక గురించి మీరు అడిగినదానికి జవాబు కూడా ఈ చట్టంలోనే దొరుకుతుంది. బ్రిటన్ తన వలసల్లో బానిసత్వాన్ని రద్దుచేశాక, 1834 నుంచి మారిషస్ చెరకు తోటలకు భారతీయ కూలీలు వెళ్లారు. కోరంగి రేవు మీదుగా వెళ్లిన తెలుగువారు వారిలో ఉన్నారు. మోసపు మాటలు, ఓడలో చావులు, గైర్హాజరుకు జీతం కోత, తోట దాటితే జైలు — ఇవన్నీ ఉన్నాయి, వాటిని తక్కువ చేసి చెప్పకూడదు. కానీ కూలీకి గడువున్న ఒప్పందం ఉంది, కోర్టులో ఫిర్యాదు చేసే హక్కు కాగితం మీదనైనా ఉంది, అతని బిడ్డ యజమాని ఆస్తి కాదు. కరొలైనాలో బానిస తల్లికి పుట్టే బిడ్డ పుట్టకముందే యజమాని వీలునామాలో మరొకరి పేరున ఉండేది. అందుకే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవవచ్చు గాని, ఒకటే అనడం సరికాదు.

ఇంత జరిగినా ఆ జనాలు పోలేదు. రోజుకు పావు ఎకరం చొప్పున పని అప్పగించి, అది ముగిస్తే మిగిలిన వేళ తమది అన్న వరితోటల పద్ధతిలో బానిసలు సొంత పెరళ్లు వేసుకున్నారు, సంతలో అమ్ముకున్నారు. తెల్లవారు తక్కువగా ఉండే ఆ తీరంలో ఇంగ్లీషు, ఆఫ్రికన్ భాషలు కలిసిన గల్లా భాష పుట్టి నేటికీ బతికి ఉంది. టస్కరోరాలు ఉత్తరానికి వలసపోయి మూలవాసీ జాతుల ఇరొక్వా కూటమిలో ఆరవ జాతిగా చేరారు. కటాబాలు ఇప్పటికీ రాక్‌హిల్ పట్టణం దగ్గర తమ భూమిలో ఉన్నారు. అమెరికా ప్రభుత్వం 1960ల మొదట్లో రద్దుచేసిన గుర్తింపును 1993లో తిరిగి ఇచ్చింది.

ఈ వలసరాజ్యం బ్రిటన్ నుంచి ఎలా విడిపోయిందో కూడా ఈ ప్రశ్నకు సంబంధించినదే. చార్ల్స్‌టౌన్‌లో ఓడల కొద్దీ ఆఫ్రికన్లను అమ్మి ధనవంతుడైన హెన్రీ లారెన్స్ తరువాత, బ్రిటన్‌పై తిరగబడిన వలసరాజ్యాల ప్రతినిధుల సభ అయిన అమెరికా కాంటినెంటల్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడయ్యాడు. అతనికి సరుకు పంపినవారిలో ఒకడు, సియరా లియోన్ నదీముఖంలోని బన్స్ ద్వీపంలో బానిసల కోటకు భాగస్వామి అయిన రిచర్డ్ ఆస్వల్డ్. 1782 నవంబరులో పారిస్‌లో శాంతి ఒప్పందం ముసాయిదా కుదిరినప్పుడు బ్రిటన్ పక్షాన కూర్చున్నది ఆస్వల్డ్. అమెరికా ప్రతినిధుల్లో ఒకడు లారెన్స్. వెళ్లిపోయే బ్రిటిష్ సైన్యం ‘నల్లవారిని గాని ఇతర ఆస్తిని గాని’ తీసుకుపోరాదన్న వాక్యాన్ని చివరి గడియలో చేర్పించినవాడు లారెన్సే. అదే ఒప్పందం మిసిసిపీ నది దాకా ఉన్న చెరోకీ, క్రీక్, చికసా భూములను కొత్త దేశానికి అప్పగించింది. ఆ జాతుల పేర్లు అందులో ఎక్కడా లేవు.